తిప్పి ఇప్పించిన చీర

విశాఖలో యూనివర్సిటీ ఉద్యోగానికి చేరిన కొత్తలో, మా సోషల్ వర్క్ డిపార్ట్‌మెంటులో పెద్దవాళ్ళంతా మంచి మంచి పేపర్లు పంచేసుకోగా మిగిలిన పేపరు నా నెత్తిన పెట్టారు. దాని పేరు వృత్తి విలువలు, నైపుణ్యాలు. మొదట్లో విసుక్కున్నాను. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పేపరు చూసుకుని నాకు మహా గీర పట్టుకుంది. విలువలు నేర్పేవాడికి అవి తనకి వచ్చేశాయన్న భ్రమ బేగి కలుగుతుంది. త్వరగా అనడానికి ఈ 'బేగి' అనే మాట కూడా నా స్టూడెంటు ఒకమ్మాయి దగ్గర నేర్చుకున్నదే. ఆ పేపరు పట్టుకుని ఆ అమ్మాయికి నేను చేసిన అన్యాయం గురించే ఇదంతా రాస్తున్నాను. ఇది రాస్తే తేలిక పడతానని నాకేమీ ఆశ లేదు.

అప్పటికి తొంభైలు సగం దాటాయి. నాది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి వేసవిలోనూ మా హెడ్డు గారు సంతకం పెడితేనే మళ్ళీ జూన్‌లో నాకు పాఠం ఉండేది. అందుకని ఆయన దగ్గితే నేను నీళ్ళ గ్లాసుతో పరిగెత్తేవాణ్ణి.

మా పిల్లలు చదువులో భాగంగా ఒక నెల రోజులు ఏజెన్సీ ఊళ్ళలో ఉండి పనిచెయ్యాలి. అంతకుముందు ఏడు వెళ్ళిన బ్యాచ్ అరకు నుంచి తిరిగి వస్తూ ఒక బస్తా నారింజలూ, పసుపూ, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళూ రైల్లో వేసుకుని దిగింది. ఊళ్ళవాళ్ళు ప్రేమగానే ఇచ్చారు. కాని అక్కడి ఆఫీసరు ఒకాయన, "మీ పిల్లలు ఊళ్ళ మీద పడి మేస్తున్నారు" అని హెడ్డు గారికి ఫోన్ చేశాడు. ఆయన నన్ను పిలిచి, "విలువలు చెప్పేది నువ్వే కదయ్యా, ఇదేనా చెబుతున్నది?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి ఒక రూలు రాసి నోటీసు బోర్డులో పెట్టించాను. మంచినీళ్ళు, టీ, తప్పనిసరైతే భోజనం తప్ప ఊళ్ళో ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోకూడదు. పొరపాటున పుచ్చుకుంటే నెల పూర్తయ్యేలోగా తిప్పి ఇచ్చి, ఇచ్చినట్టు రికార్డులో రాయాలి. ఆ రెండో వాక్యం నాకెంతో నచ్చింది.

ఆ ఏడు వెళ్ళిన ఆరుగురిలో ఆ అమ్మాయి ఒకతె. విజయనగరం వైపు రైతు కుటుంబం. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. మాట గట్టిది, నడక గట్టిది. క్లాసులో నేను ఎంత గంభీరంగా చెప్పినా మధ్యలో చెయ్యెత్తి, "మరేటి సార్, ఆలకి మనం నచ్చకపోతే ఏటి సేస్తాం?" అని అడిగేది. ఆ ప్రశ్నకి పుస్తకంలో జవాబు లేదు. కూర్చోమనేవాణ్ణి.

అరకు దాటాక జీపు ఆగిపోయే చోటి నుంచి గంట నడిస్తే వచ్చే ఊరు ఆమెకీ, ఇంకో అమ్మాయికీ పడింది. ఇద్దరూ స్కూలు గదిలో ఉండేవారు. నేను వారానికోసారి పొద్దుటి పాసింజర్ ఎక్కి వెళ్ళేవాణ్ణి. బొర్రా దగ్గర జనం దిగిపోతే బండి ఖాళీ అయ్యేది. అప్పుడు వెనకటి వారం తెచ్చుకున్న రికార్డులు తీసి ఎర్ర పెన్నుతో దిద్దేవాణ్ణి. మనుషుల పేర్లు రాయకూడదు, 'క్లయింట్' అని రాయాలని చెప్పి ఉన్నాను. ఆ అమ్మాయి బుద్ధిగా అలాగే రాసింది. "ఈ రోజు క్లయింట్ నాకు చోడి చేలో కలుపు తియ్యడం నేర్పింది. నేను పీకింది కలుపు కాదు, చోడి మొక్కలు. క్లయింట్ చాలాసేపు నవ్వింది. తరవాత నేనూ నవ్వాను." అది చదివి బండిలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. నవ్వుకుని, మార్జిన్‌లో 'పాత్రలు తారుమారయ్యాయి, జాగ్రత్త' అని రాశాను.

ఆ క్లయింటుది ఆ అమ్మాయి వయసే. ఏడాది ఆడపిల్లని చంకనేసుకుని కొండవాలు చేనుకి ఎక్కేది. నేను మొదటిసారి వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు స్కూల్లో ఉన్న ఒక్క కుర్చీ మోయించుకొచ్చి నాకు వేశారు. మా అమ్మాయి మాత్రం వసారాలో ఆడవాళ్ళ మధ్య నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. దానికీ రాశాను ఒక మాట: 'పని మీద వెళ్ళినప్పుడు కూర్చునే తీరులో కూడా వృత్తి కనపడాలి.'

మూడో వారంలో మా అమ్మాయికి జ్వరం తగిలింది. ఆ కొండల్లో వానాకాలం జ్వరమంటే మాటలు కాదు. నాకు కబురు అంది నేను వెళ్ళేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆ క్లయింటే ఆమెని తన ఇంటికి తీసుకుపోయి, గొంగళి కప్పి, అంబలి పట్టి, మొగుణ్ణి వానలో పంపించి ఆరోగ్య కార్యకర్తని రప్పించి మాత్రలు వేయించింది. నేను వెళ్ళేసరికి మా అమ్మాయి వసారాలో కూర్చుని ఉంది. ఆవిడ వెనక కూర్చుని చిక్కుపడిన జుట్టు దువ్వుతోంది. వాళ్ళమ్మా నాన్నలకి ఏం జవాబు చెప్పాలా అని దారి పొడవునా వణికినవాణ్ణి, ఆ దృశ్యం చూసి చేతులెత్తి దణ్ణం పెట్టాను. నిజంగానే పెట్టాను. అది గుర్తున్నందుకు ఇప్పుడు మరీ సిగ్గేస్తుంది.

తరవాతి వారం రికార్డులో ఒక్కటే వాక్యం ఉంది: "ఈ రోజు నేనూ, క్లయింటూ నేస్తం కట్టుకున్నాం."

స్కూలు వరండాలో ఆమెని నిలబెట్టి అడిగాను. ఏదీ దాచకుండా చెప్పింది.

"ఊరి దేవత రాళ్ళ కాడ కట్టినాం సార్. ఊరందరూ ఒచ్చినారు. ఆవిడ నాకు కోక ఎట్టినాది, నాను ఆవిడకి ఎట్టినాను. మాయమ్మ పండక్కి కొన్న నీలం వాయిల్ సీర ఇచ్చినాను. ఇంక పేరెట్టి పిలుసుకోకూడదు సార్. నేస్తమా అనే అనాల."

"అంటే చీర పుచ్చుకున్నావు."

"అది గిఫ్ట్ కాదండి. మా నాయనమ్మకీ ఉండీది నేస్తం, కురుపాం కాడ కొండ మీద ఊర్లో. పెళ్ళికీ, సావుకీ సొంత మనిసే. ఆవిడ సచ్చిపోతే మా నాయనమ్మే కోక అట్టుకెళ్ళి మీద కప్పినాది. అది నేస్తమే సెయ్యాల సార్."

"బోర్డు మీద ఏం రాశాను?"

ఆమె తల దించుకుంది. "తిప్పియ్యకూడదు సార్. తిప్పి ఇచ్చీసినామంటే, నువ్వు నాకు సచ్చిపోనావని సెప్పినట్టే."

నాకు తెలియక చేశానని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది! మాది గుంటూరు వైపు, ఈ ఆచారం మాకు లేదు, అని ఎవరికైనా చెప్పి తప్పుకునేవాణ్ణి. కాని ఆమె నాకు విడమర్చి చెప్పింది. నాకు అర్థమైంది కూడా. అర్థమయ్యాకే నేను ఆ మాట అన్నాను.

"ఆవిడ నొచ్చుకోకుండా తిప్పి ఇవ్వడమే నువ్వు నేర్చుకోవాల్సిన నైపుణ్యం. అదే కదా చదువు. ఇవ్వకపోతే రికార్డు మీద నేను సంతకం పెట్టను."

సంతకం లేకపోతే ఫీల్డు వర్కు పోయినట్టే, అది పోతే డిగ్రీ లేదు. ఇంటి దగ్గర మూడెకరాల మెట్ట దున్నుకునే తండ్రి ఆమె ఉద్యోగం కోసం ఎదురు చూస్తున్నాడని నాకు తెలుసు. తెలిసే అన్నాను. నా లోపల కనపడుతున్నది హెడ్డు గారి మొహం. జూన్‌లో ఉద్యోగం. అంతే, అంతకంటే గొప్ప విలువ ఏదీ ఆ వరండాలో లేదు.

ఆమె రికార్డు నా చేతిలోంచి తీసుకుని మూసింది. తరవాత "సరే సార్" అంది.

ఆఖరి రోజున వలిసె చేలు పూతకొచ్చి కొండవాలంతా పసుపుపచ్చగా ఉంది. ఆవిడ వసారా ముందు ఊళ్ళోవాళ్ళు గుమిగూడారు, పిల్లలు వెళ్ళిపోతున్నారని. మా అమ్మాయి చీర రెండు చేతులతో పట్టుకుని, నేను ముందు రోజు నేర్పి అప్పజెప్పించుకున్న మాటలు అంది: "మీ సహకారానికి కృతజ్ఞతలు. మా వృత్తి నియమాల ప్రకారం ఇది మీకు తిరిగి ఇస్తున్నాను. దయచేసి మరోలా భావించవద్దు." ఎప్పుడూ అలా మాట్లాడని పిల్ల రేడియోలో వార్తలు చదివినట్టు చదివింది.

ఆవిడ అయోమయంగా చూసి, "ఏటి నేస్తమా?" అంది.

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె మళ్ళీ మొదటి నుంచీ అవే మాటలు అంది.

ఆవిడ చీర అందుకుంది. చంకలో పిల్లని కింద దించి లోపలికి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. ఊళ్ళోవాళ్ళంతా ఉన్నచోటే నిలబడి చూస్తున్నారు. వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో ఆ నీలం వాయిల్ చీర ఉంది, మడత విప్పనట్టే ఉంది.

"ఇదిగో మేడం," అంది.

అరుస్తుందేమో, ఏడుస్తుందేమో, అప్పుడు ఎలా సముదాయించాలో నేను ఆలోచించి పెట్టుకున్నాను. వాటి అవసరం రాలేదు. తిరుగు బండిలో మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. సొరంగాలు వచ్చినప్పుడల్లా పెట్టె చీకటైపోయేది, వెలుతురు వచ్చేసరికి ఆమె అలాగే, ఒళ్ళో ఆ చీరతో ఉండేది. ఆ బండిలోనే నేను రికార్డు పూర్తిచేశాను. 'ముగింపు దశను పరిణతితో నిర్వహించింది' అని రాసి బ్యాచ్ మొత్తంలో ఎక్కువ మార్కులు ఆమెకే వేశాను. హెడ్డు గారు చూసి సంతోషించారు. నా కాంట్రాక్టు పొడిగించారు.

ఆమెకి ఆ కొండల్లోనే, ఆ మండలంలోనే ఆరోగ్యం పని చేసే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఎక్కడెక్కడి ఉద్యోగాలో వదులుకుని అక్కడికే ఎందుకు వెళ్ళిందో నాకు తెలుసు. జీతం వచ్చిన మొదటి నెలలోనే ఆ నీలం చీర పట్టుకుని ఆ ఊరు వెళ్ళింది. ఆవిడ మంచినీళ్ళిచ్చి, చాప వెయ్యబోయి, మళ్ళీ ఆగి, పక్కింటి నుంచి స్టూలు తెప్పించి వేసిందట. చీర మాత్రం ముట్టుకోలేదట. మరుసటేడు మళ్ళీ వెళ్ళింది. అదీ అంతే.

మూడోసారి నన్ను రమ్మంది. అప్పటికి రెండు వేల సంవత్సరం వచ్చి దాటిపోయింది, నా ఉద్యోగం పర్మనెంటయింది. "మీరొచ్చి సెప్పండి సార్. నాను సెప్తే ఇనట్లేదు," అంది. వెళ్ళాను. ఆవిడ వసారాలో నిలబడి, జరిగినదంతా నా వల్లనే అనీ, ఈ అమ్మాయిని నేనే బలవంతపెట్టాననీ, రూలు నాదనీ చెప్పాను. నాకు తెలిసిన కౌన్సెలింగ్ పద్ధతులన్నీ వాడాను. గొంతు తగ్గించాను, మాటకీ మాటకీ మధ్య ఆగాను, ఆవిడ కళ్ళలోకి చూశాను.

ఆవిడ ఓపిగ్గా విన్నది. ముప్ఫయ్యేళ్ళు కూడా ఉండవు, కళ్ళ కింద అప్పుడే నల్లబడింది. "మీరు సెప్పినారు, ఆవిడ ఇచ్చీసినాది. నాను పుచ్చుకున్నాను. అయిపోనాది కదా సారూ," అంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలేవాణ్ణి. తరవాత ఉడకబెట్టిన కందికాయలు ఆకులో పెట్టి మా ఇద్దరికీ ఇచ్చింది. మా అమ్మాయి ఒక్క కాయ కూడా తినలేకపోయింది.

దిగి వస్తుంటే దారిలో అడిగింది. "ఆ రూలు ఇంకా సెప్తన్నారా సార్?"

"సిలబస్‌లో ఉందమ్మా," అన్నాను.

నిజంగా ఉంది. ప్రతి ఏడూ ఆ పాఠం దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క పట్టుకుని ఆగిపోయేవాణ్ణి. వదిలెయ్యలేను, పరీక్షలో ప్రశ్న వస్తుంది. తప్పని చెప్పలేను, ఎందుకంటే అది పూర్తిగా తప్పు కూడా కాదు. ఆ బస్తా నారింజలు నిజం, ఆ కోళ్ళు నిజం, లేనివాళ్ళ దగ్గర మొహమాటపెట్టి గుంజుకునే వాళ్ళని నేను కళ్ళారా చూశాను. ఎక్కడ రూలు పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో చెప్పే మాట కోసం ఎన్ని పుస్తకాలు తిరగేశానో! ఏ పుస్తకంలోనైనా 'వివేకంతో వ్యవహరించాలి' అని మాత్రమే ఉండేది. ఆ వివేకం ఎలా వస్తుందో పిల్లలకి చెప్పడం నాకు చేతకాలేదు, ఇప్పటికీ చేతకాదు. ఒక ఏడు వెనక బెంచీలోంచి ఎవరో, "సార్, దీనికి మినహాయింపు ఉండదా?" అని అడిగారు. నేను బోర్డు వైపు తిరిగి రాసిందే మళ్ళీ రాశాను.

తరవాత నాలుగైదేళ్ళకి ఒక వానాకాలం పొద్దున ఆమె ఫోన్ చేసింది. "మా నేస్తం పోయిందండి" అంది. వినగానే నాకు ముందు తట్టింది ఆ మాట. ఇన్నేళ్ళూ లోపల అలాగే పిలుచుకుంటోందన్నమాట. జ్వరమే. ఆ ఊరికి సంస్థ తరఫున నెలనెలా వెళ్ళేది మా అమ్మాయే. ఇంటింటికీ తిరిగి రక్తం తీసి పరీక్షకి పంపేది ఆమె కింద పనిచేసే వాళ్ళే. ఈసారి వాళ్ళు వెళ్ళిన రోజున ఆవిడ చేనులో ఉంది. ఉన్నా తనకి జ్వరమని చెప్పేదో లేదో తెలియదు. ఆ మాట మా అమ్మాయి ఫోన్‌లో మూడుసార్లు అంది.

ఇద్దరం జీపులో వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. జీపు ఇప్పుడు ఊళ్ళోకే వెళుతుంది. ఆవిడని వసారా ముందు పడుకోబెట్టి ఉన్నారు. చుట్టూ ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఏడుస్తున్నారు. మా అమ్మాయి సంచిలోంచి నీలం వాయిల్ చీర తీసింది. ఇన్నేళ్ళకీ మడత నలగలేదు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకు నడిచింది.

ఆవిడ బావగారు, ఊరి పెద్ద, లేచి అడ్డం వచ్చాడు. మర్యాదగానే వచ్చాడు.

"మీరు కప్పకూడదు మేడంగోరూ. నేస్తమే కప్పాల."

"నానే బావా నేస్తాన్ని," అంది ఆమె. ఎప్పుడో నేస్తం కట్టిన రోజున కలిసిన వరస అది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

నేను ముందుకి వెళ్ళాను. తప్పు నాదనీ, చీర తిప్పి ఇప్పించింది నేననీ, ఆ అమ్మాయి మనసులో అది ఎన్నడూ లేదనీ ఆయనకి చెప్పాను. ఈసారి ఏ పద్ధతీ వాడలేదు. మాటలు ముక్కలుగా వచ్చాయి. ఆయన చివరిదాకా విన్నాడు.

"అవ్వొచ్చు సారూ. మీరు అబద్దం ఆడరు. గానీ ఇచ్చీసినప్పుడు ఊరంతా సూసినాది. మళ్ళీ కట్టుకోవాలంటే ఇద్దరుండాల కదా. ఇప్పుడు ఆవిడిని అడగనేం."

మా అమ్మాయి చీరని గుండెకి ఆనించుకుని అలాగే నిలబడింది. ఎవరో మా వెనక రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసి, తువ్వాలుతో తుడిచారు. ఆమె కుర్చీ వైపు చూడకుండా ఆడవాళ్ళు కూర్చున్న చోటికి రెండడుగులు వేసింది. వాళ్ళు గబగబా లేచి పక్కకి తప్పుకున్నారు, మేడం నడిచి వెళ్ళడానికి దారి ఇచ్చారు.

ఆమె నా దగ్గరికి తిరిగి వచ్చి, చిన్న గొంతుతో అంది. "ఓపాలి సెప్పండి సార్ ఆలకి. నాను కింద కూకుంటాను."

చెప్పాను. ఆ ఊరి పెద్ద నొచ్చుకుని, చేతులు జోడించి, "తప్పు సారూ, ఉజ్జోగస్తులు మీరు నేల మీద కూకోడమేటి, మాకు పాపం," అన్నాడు. ఇంకోసారి చెప్పాను. ఆయన వినలేదు. కుర్చీని ఇంకొంచెం ముందుకి జరిపించాడు.

ఆమె కూర్చుంది. వీపు నిటారుగా, మోకాళ్ళు దగ్గరగా, ఒళ్ళో చీర. ఆవిడని మోసుకుని కొండ మలుపు తిరిగేదాకా అలాగే కూర్చుంది. పక్క కుర్చీలో నేను కూర్చున్నాను.